తార్నాక చౌరస్తాలో స్వర్ణ మొహం

మాణికేశ్వర్ నగర్ బస్తీలో ఉండే స్వర్ణ యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గర ఛాయ్ బండి నడిపేది. భర్త పోయాక బిడ్డ వాసంతిని ఆ బండి మీదే సాకింది. మనసులో ఒకటి పెట్టుకుందంటే వదిలే మనిషి కాదు.

తొంభై ఆరులో రాఘవేంద్ర అనే శిల్పి రోజూ ఛాయ్‌కి వచ్చేవాడు. కర్నూలు మనిషి, సీతాఫల్‌మండిలో షెడ్డు పెట్టుకున్నాడు. "అక్కా, నీ మొహం గీసుకుంటా, కాసేపు కదలొద్దు," అన్నాడొక రోజు. సరేనని కొంగు నిండా కప్పుకుని కూర్చుంది.

కొన్నాళ్లకు తార్నాక చౌరస్తాలో అతను చేసిన విగ్రహం లేచింది. కుండతో నీళ్లు పోసే ఆడమనిషి. చుట్టూ రంగు బల్బులు బిగిస్తున్నారు. మొహం అచ్చం స్వర్ణదే. నడుము పైన మాత్రం నూలుపోగు లేదు.

బస్తీలో ఈలలు మొదలయ్యాయి. "మీ అమ్మ చౌరస్తాల నిలబడ్డదట గదా," అని తోటి పిల్లలు ఏడిపిస్తే వాసంతి బడి మానేసింది.

స్వర్ణ షెడ్డుకు వెళ్లింది. "సార్, ఆ మొకం మార్చు. నా బిడ్డ బయటికి వస్తలేదు."

"అది కళ అక్కా. నీకర్థం కాదులే," అని నవ్వాడు రాఘవేంద్ర.

ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు. బొగ్గులు కొట్టే సుత్తికి కొత్త పిడి వేయించి, లైట్లు వెలిగించే రోజు దాకా ఓపిక పట్టింది.

ఆ సాయంత్రం రాఘవేంద్రకు శాలువా కప్పారు. స్విచ్ వేయగానే ఎర్ర, పచ్చ వెలుగులో విగ్రహం మెరిసింది. అప్పుడే స్వర్ణ సుత్తి పట్టుకుని విగ్రహం దిమ్మె ఎక్కింది. మొదటి దెబ్బకు ముక్కు పోయింది, తర్వాత పెదవులు.

"ఆగు!" అని అరిచాడతను.

"నా మొకం నేను తీస్కుంటున్న. నీదేం పోయింది?" చెయ్యి ఆపలేదు.

పోలీసులు తీసుకెళ్లారు. క్షమాపణ అడిగితే కేసు వాపసు తీసుకుంటానని రాఘవేంద్ర కబురు పంపాడు. "అడగ," అంది. చివరికి కోర్టు మందలించి వదిలేసింది.

అటునుంచి అటే షెడ్డుకు నడిచింది. విగ్రహం కోసం మొదట చేసుకున్న అదే మొహం, మట్టి నమూనా, ఇంకా మూలన ఉంది. స్వర్ణ అరవలేదు. తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"నువ్వే పలగ్గొట్టు. నీ చేత్తోనే."

ఆమె తలుపు దగ్గర్నుంచి లేవదని తెలిసి, రాఘవేంద్ర సుత్తి ఎత్తాడు. సగంలో ఆగితే, "ఇంకా చిన్నగ," అంది. పొడి అయ్యేదాకా కొట్టించింది. అతను కళ్లు తుడుచుకుంటుంటే జాలి కలగలేదు.

వాసంతి మళ్లీ బడికి పోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా, ఆ మట్టి పొడి గుర్తొచ్చినప్పుడల్లా స్వర్ణకు ప్రాణం హాయిగా ఉండేది.