కొలబద్ద లేని ఫోటో

యుద్ధం రోజుల్లో నేను ఎల్లారెడ్డిలో దొర గారి కట్టెల అడితిలో లెక్కలు చూసేవాణ్ణి. దుంగ పొడవు, చుట్టుకొలత చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పడం నా పని. బడిలో నేర్చింది కూడికలు, తీసివేతల వరకే. భిన్నాలు, వర్గమూలాలు చిరిగిన పుస్తకాలు చూసి సొంతంగా పట్టుకున్నాను.

మేకులు చుట్టి వచ్చిన పత్రిక కాగితంలో ఒకసారి విమానం బొమ్మలు మూడు కనిపించాయి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు నలభై అడుగులని కింద రాసి ఉంది. నాకు ఆ ఒక్క అంకె చాలు. మిగతా కొలతలన్నీ కంపాసుతో తీశాను. అడుగుకు అర అంగుళం చొప్పున రెక్కలు ఇరవై అంగుళాలు. పెళ్లి బాసికాలు చేసే జీలుగ బెండుతో కట్టడం మొదలుపెట్టాను.

"ఏందిరా, గింత బెండు తెచ్చినవ్? ఊర్లె పెండ్లిండ్లన్నీ నువ్వే చేస్తవా?" అంది అవ్వ.

"గాలిమోటరు చేస్తున్ననే."

"ముందుగాల ఇంటి కప్పు చెయ్యి. అది గాలికి లేస్తున్నది."

బెండు తేలికే కానీ కత్తి పదును తగ్గితే నలిగిపోతుంది. ఒక రెక్క రెండోదానికంటే కాస్త దళసరిగా వచ్చిందని మొత్తం తీసేసి మళ్లీ చెక్కాను. చింతగింజల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపాను. పైన సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అంటించాను. ఎండలో పెడితే కళ్లు చెదిరేవి.

అది ఆటకు చేసింది కాదు. హైదరాబాదులో విమానాలు బాగుచేసే కారఖానాలో పని నేర్చుకునేవాళ్లను తీసుకుంటున్నారని తెలిసింది. దరఖాస్తుతో పాటు చేతిపని ఫోటో, ఒక పెద్దమనిషి సిఫారసు పంపాలి. అప్పటికే నాకు ముప్పై దాటాయి. మళ్లీ అలాంటి దారి దొరకదని తెలుసు. "ఫోటో పట్టుకరా, సిఫారసు రాసిస్త" అన్నాడు దొర.

బుట్టలో దూది పరిచి, విమానాన్ని ఒళ్లో పెట్టుకొని బస్సులో కామారెడ్డి పోయాను. స్టేషను దగ్గర ఫోటోలు తీసే ఆయన దుకాణం ఉండేది. విమానం పక్కన కొలబద్ద పెట్టమని అడిగాను. అది కనిపిస్తేనే కారఖానా వాళ్లకు నా కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుస్తుంది.

"బద్ద పెడితే బొమ్మ అయితది అన్నా. బద్ద తీస్తే గాలిమోటరు అయితది. జెర నా మాట ఇను."

"నాకు బొమ్మే కావాలె."

ఆయన నవ్వి ఎదురుగా నిలబడి రెండు తీశాడు. ఒకటి నా కోసం కొలబద్దతో, ఇంకొకటి ఆయన సరదా కోసం బద్ద లేకుండా, వెనక మబ్బుల తెర వేసి. ఫోటోలు అచ్చువేసే కాగితం రాలేదు, నెల తరువాత రమ్మన్నాడు.

నెల తరువాత పోతే దుకాణం అద్దాల బీరువా ముందు జనం ఉన్నారు. లోపల ఒక ఫోటోలో నా విమానం. దాని రెక్క పక్కన నడుము మీద చెయ్యి పెట్టుకొని మా దొర కొడుకు.

"ఎల్లారెడ్డి చిన్నదొరనట. గాలిమోటరు నడుపుతడట" అంటున్నాడొకడు.

లోపలికి పోయి అడిగాను. చిన్నదొర ఫోటో దిగడానికి వచ్చి, మబ్బుల తెర వేసి తీసిన విమానం ఫోటో చూసి ముచ్చటపడ్డాడట. ఆయన ఫోటో కత్తిరించి దాని పక్కన అతికించి, పెన్సిలుతో అంచులు దిద్ది, మళ్లీ ఫోటో తీశారట.

"మరి నాది? బద్ద ఉన్నది?"

"ఆ ఫోటో తీసిన గాజు ప్లేటు కడిగిన అన్నా. యుద్ధంల గాజు యాడ దొరుకుతది? దాని మీదనే గాంధారి ఊరోళ్ల పెండ్లి తీసిన."

ఫోటో లేకపోతే విమానమే ఉంది కదా అనుకొని మర్నాడు దాన్ని తీసుకొని దొర ఉండే గడికి పోయాను. దొర చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు.

"మావోని ఫోటో చూసి చేసినవారా? మంచిగనే దించినవ్."

"లేదు దొరా, ఇదే ముందుగాల. దీని ఫోటోనే అది." ఆ ఫోటో గోడకు వేలాడుతోంది. జేబులోని బద్ద తీసి దాని మీద పెట్టాను. "సూడుండ్రి. ఈ ఫోటోల రెక్కలు అయిదు అంగుళాలు, అసలు గాలిమోటరుకు నలభై అడుగులు. అంటే అంగుళానికి ఎనిమిది అడుగులు. చిన్నదొర అంగుళం మీద ఒక నూలు, అంటే ఎనిమిదో వంతు. ఈ లెక్కన తొమ్మిది అడుగుల మనిషి అయితడు. అతికించిన్రు దొరా."

దొర పగలబడి నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

"తొమ్మిది అడుగులా! ఉండనియ్యిరా, దొర కొడుకు నీ అంతనే ఉంటడా?"

ఆ నవ్వులోనే సిఫారసు సంగతి అడిగాను. అంతకు మించిన సమయం రాదనిపించింది. దొర నవ్వు ఆపాడు.

"ఫోటోల ఉన్నది నీ బొమ్మ అని కారఖానాకు రాసిస్తే మావోని పేరేమైతది? ఇంకోటి, నువ్వు పోతే అడితిల దుంగలు ఎవడు కొలుస్తడు? పో, పని చూసుకో."

విమానాన్ని తిరిగి ఇవ్వలేదు. పిల్లలు ఆడుకుంటారని లోపలికి పంపేశాడు. బెండు పిల్లల చేతుల్లో ఎంతసేపుంటుందో నాకు తెలుసు. ఊళ్లో మాత్రం ఫోటో చూసి బొమ్మ చేశానన్న మాటే నిలిచింది. కాదని ఒకరిద్దరికి చెప్పాను. ఫోటో గడిలో గోడ మీదే ఉంది, నువ్వు చేసింది ఏదీ అన్నారు వాళ్లు.

ఆ వర్షాకాలంలో ఫోటోను పెద్దది చేయించారు. దానికి టేకు చట్రం కావాలని, బద్దలు కొలిచి కోయించమని అడితికి కబురు వచ్చింది. మూలలు నలభై అయిదు డిగ్రీలకు గీసి కోయించాను. నాలుగు మూలలూ కాగితం దూరనంతగా కలిశాయి.