రజిత పెట్టని 'ఎస్'

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలోని మా బడిలో, ఏడో తరగతి మధ్యాహ్నాలు ఇంగ్లీషు క్లాసుతో మొదలయ్యేవి. ఎస్తేరు టీచర్ నల్లబల్ల మీద రెండు వాక్యాలు రాసి మా చేత గట్టిగా చదివించేవారు... 'మై మదర్ లివ్స్', 'మై ఫాదర్ అండ్ మదర్ లివ్'. ఒక్కరే ఉంటే క్రియ చివర 'ఎస్' పెట్టాలి, ఇద్దరుంటే పెట్టకూడదు.

మా ఇళ్లలో ఇంగ్లీషంటే షిఫ్టు, డ్యూటీ, క్వార్టరు... అంతే. అయినా ఆ 'ఎస్' సంగతి నాకు తొందరగానే పట్టుబడింది. మెచ్చుకుని టీచర్ నాకో ఎర్ర పెన్ను ఇచ్చి, తోటి పిల్లల నోటుబుక్కులు దిద్దమన్నారు. ఇక నా నడకే మారిపోయింది.

నా పక్కన కూర్చునేది రజిత. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్ల నాన్నను నేను కాకా అని పిలిచేదాన్ని. బొగ్గుబాయి పని నుంచి వచ్చి వాకిట్లో మంచం వాల్చుకుని, మేం పాఠం చదువుతుంటే వినేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా "మల్ల సదువుండ్రి బిడ్డా" అనేవాడు.

ఆ దసరా సెలవులైన వారానికే కాక చనిపోయాడు. పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, పెరట్లో గోలెంలోంచి స్నానానికి నీళ్లు ముంచుకుంటూ కుప్పకూలిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే గుండె ఆగిపోయిందట.

రజిత పదిహేను రోజులు బడికి రాలేదు. ఈలోగా మేమంతా 'మా కుటుంబం' మీద ఐదు వాక్యాలు రాసి ఇచ్చేశాం. నువ్వు రాయకున్నా ఫర్వాలేదమ్మా అని టీచర్ చెప్పినా, రజిత వినకుండా కూర్చుని రాసింది.

ఆ నోటుబుక్కు నా చేతికొచ్చింది... 'మై మదర్ లివ్ ఇన్ గోదావరిఖని. మై మదర్ కుక్ రైస్...' ఐదు వాక్యాలు, ఒక్కదాంట్లోనూ 'ఎస్' లేదు. అంతకు ముందు ఎన్నడూ తప్పు రాయని పిల్ల. ఐదింటికీ ఎర్రగా సున్నాలు చుట్టి, అందరికీ వినపడేలా అడిగాను.

"గింత సులువుది గూడ మర్సినవా? అమ్మ ఒక్కతే గదనే... ఎస్ పెట్టాలె."

రజిత తల ఎత్తలేదు. "నాకెరికే... గాని గా ఎస్ పెడితే అమ్మ ఒక్కతే అయితది గదా."

ఎస్తేరు టీచర్ వచ్చి నా చేతిలోని పెన్ను తీసుకున్నారు. గంట కొట్టేదాకా రజిత పక్కనే, ఆ చిన్న బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఆ తర్వాత నేను రజితతో సరిగా మాట్లాడలేకపోయాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు... కొన్నాళ్లకు కాక చనిపోయినందుకు గని కంపెనీ వాళ్లమ్మకు రామకృష్ణాపూర్‌లో పని ఇచ్చింది. సామాను లారీకి ఎక్కిస్తున్న పొద్దున రజిత మా ఇంటికి వచ్చింది. నేను ముసుగుతన్ని పడుకున్నాను.

"శారద పండుకున్నదా చిన్నమ్మా?"

లేపుతానంది మా అమ్మ.

"వద్దు... పండుకోనీ."

చెప్పుల చప్పుడు గడప దాటిపోయేదాకా విన్నాను. అయినా లేవలేదు.

పెద్దయ్యాక ఒకసారి రామకృష్ణాపూర్ వెళ్లి అడిగాను. వాళ్లు అక్కడి నుంచీ ఎటో వెళ్లిపోయారన్నారు. ఎటన్నది చెప్పగలిగినవాళ్లు దొరకలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఇంగ్లీషులో ఏది రాసినా తప్పులు ఫోనే సరిదిద్దేస్తోంది. మంచిదే... కానీ ఆ తప్పు ఎందుకు వచ్చిందో వినేవాళ్లు పక్కన ఎవరూ లేరు. వినే అవకాశం వచ్చిన రోజు నేనూ వినలేదు...

మీ బడి రోజుల్లోనూ ఇలా ఒక మాట మిగిలిపోయిన స్నేహితులు ఉన్నారా? ఉంటే ఇక్కడ వాళ్ల పేరైనా రాయండి...