పిడికెడు బియ్యం

హిందూపురంలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న ముసలామె, నా చేతిలోని పుస్తకం అట్ట మీద తమ ఊరి మెథడిస్టు చర్చి ఫోటోను గుర్తుపట్టింది.

"మా గుడి చరిత్ర గదప్పా? మా ఆడోళ్లు దినామూ ఎసట్లో పోసే ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసిపెట్టి, అవి అమ్మి కట్టిన గుడి. నాకు సదువు రాదు. ఆ సంగతి యాడుండాదో సదివి చెప్పు."

పేజీలు తిప్పాను. దొరలున్నారు, పాస్టర్లున్నారు, గంట ఇచ్చిన షావుకారున్నాడు.

"లేదవ్వా."

"రాసేటాయన ఊరికొచ్చినప్పుడు మా యక్క కూలికి పోకుండా కూర్చోని అంతా చెప్పింది. తలూపుతా రాసుకున్నాడంట," అని కిటికీ వైపు తిరిగింది.

ఆమెకు చదువు రాదని తెలిసి కూడా, పెనుకొండలో దిగేదాకా అట్ట మీది నా పేరును బొటనవేలితో మూసే ఉంచాను.