చూరులోని ముతక పన్నె

మీ చూరులో ముతక పన్నె ఉందా? విని ఊరుకోకండి, లేచి చూడండి. పట్టు తప్ప మరొకటి ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను: పడుగు పోగులు దూరే ఆ వెదురు చట్రమే పేకను దగ్గరికి కొడుతుంది. పట్టుకు సన్న పన్నె, ముతక నూలుకు వెడల్పు సందుల పన్నె. ఆ రెండోది నాకు తెలిసి మా బరంపురం నేతవీధిలో ఒక్క ఇంట్లోనే మిగిలింది. ఆ ఇంటి తాత పోయి నిన్నటికి పదకొండు రోజులు.

అమావాస్యనాడు మా వీధిలో మగ్గం ఆడదు. అదే రోజున తాత చూరులోంచి ముతక పన్నె దించి, నూనె రాసి, మగ్గం గుంటలో దిగి ఒక తువ్వాలు నేసేవాడు. కోడలి చేతా నేయించేవాడు. మగ్గం నేస్తూనే రామమందిరంలో గ్రంథం చదివి చెప్పేవాణ్ణి నేను; ఆ చప్పుడు విని ఓసారి చంకలో ఆ గ్రంథంతో గుమ్మం దగ్గర నిలబడి గద్దించాను.

"తాతా, అమావాస్య పూట మగ్గం ముట్టుకుంటావా?"

"అమాస పట్టుకి, గురువా. గోచీగుడ్డకి అమాసేటి?" అన్నాడు తల ఎత్తకుండానే. "సేతులకి మరుపెక్కువ. నెలకోపాలైనా గుర్తుసెయ్యాల."

ఆ తువ్వాళ్ళు భుజాన వేసుకుని తానే పొడంపేట పోయి పడవవాళ్ళకు అమ్మేవాడు. వాళ్ళు అంచు చూడరట, రెండు చేతులా లాగి చూస్తారట. మా అందరికీ పట్టు కొనే ఒక్క షావుకారే దిక్కు. తాతకు సముద్రం ఒడ్డున కూడా మనుషులున్నారు.

పట్టు బాగా ఆడిన రోజులవి. అందరూ ఉన్న మగ్గాలన్నిటికీ పట్టే ఎక్కించారు. మా అమ్మాయి బారసాలకు నీళ్ళు కాగాలంటే నేను మా ఇంటి ముతక పన్నెను పొయ్యిలో పెట్టాను. వెదురు కదా, బాగా మండింది. ఆ వారమే రామమందిరం అరుగెక్కి గ్రంథం మీద చెయ్యి వేసి అరిచాను: "రేపటి భయాన్ని చూరుకు వేలాడదీసుకున్నవాడికి భక్తి ఎక్కడిది?" అందరూ తాత వైపు తిరిగి నవ్వారు. తాతా నవ్వాడు.

కిందికి దిగాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా సెప్పినావు గురువా. గాని ఆ దేవుడు మనల్ని నిలబెట్టాలన్నా, మన సేతిలో ఏదో ఒక పని ఉండాల కదా."

చదువు చెప్పినవాడు లేక, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి నేను. రేపటికి భయపడకు అని గ్రంథం పని చేసేవాడికి చెప్పిన మాటను, ముతక పని మానేసినవాళ్ళకు వినిపించాను. ఆ తప్పు నాది.

ఇప్పుడు వీధి చూడండి. చికిటి రైతుల కళ్ళాల్లో వడ్లు కొనేవాడు లేక పడి ఉన్నాయి. పెళ్ళిళ్ళు వాయిదా వేస్తున్నారు. గోపాలపురంలో ఓడ దిగి రంగూను నుంచి ఉత్త చేతులతో వస్తున్నారు మనవాళ్ళు. షావుకారు గుమాస్తా రాక రెండు నెలలు దాటింది. మా వరుసలో సగం మగ్గాలు ఆగాయి. అమావాస్య కాని రోజున ఆ నిశ్శబ్దం విన్నారా?  ఇంట్లో ఆరుగురం.

సిగ్గు విడిచి తాత దగ్గరికి వెళ్ళాను. "నేర్పు తాతా." అప్పటికే ఆయన మంచం పట్టాడు. నన్ను గుంటలో కూర్చోబెట్టి పడుకునే చూశాడు. పట్టుకు అలవాటైన చెయ్యి, మెత్తగా కొట్టాను. కోడలు ఆ గుడ్డ కోసి తెచ్చి వెలుతురుకు పట్టింది.

"ఇది తువ్వాలా, వలా గురువా? పొడంపేటోళ్ళు సేపలు పట్టుకుంటారు దీంతో!" దగ్గు తెరల మధ్య నవ్వాడు తాత. "కోపంగా కొట్టు. అరుగు మీద ఎలా అరుస్తావో అలా కొట్టు."

నాలుగు రోజులు నేర్పాడు. అయిదో రోజు తెల్లవారేసరికి లేడు. నాకు సగమే వచ్చింది.

నిన్న కర్మ ముగిసింది. కోడలు ఆ పన్నె దించి నూనె గుడ్డతో తుడుస్తూ అంది: "ఏడిసింది సాలు, దిగు గురువా. మావయ్య సెప్పిపోనాడు, వొచ్చినోళ్ళందరికీ నేర్పమని. నువ్వు అరుగెక్కి పిలు."

అందుకే పిలుస్తున్నాను. చూరులో పన్నె ఉన్నవాళ్ళు పురుగు తినకముందే దించి నూనె రాయండి. నాలా కాల్చుకున్నవాళ్ళు తాత ఇంటికి రండి. ఆయన మంచం ఎత్తేశారు, గుంట మగ్గం మీద నేను నేసిన ఆ వల లాంటి గుడ్డ ఇంకా అలాగే పరిచి ఉంది. పక్కన కోడలు కూర్చుని ఉంది. గుంటలో ఒకసారికి ఒక్కరికే చోటు, రోజులు చూస్తే తక్కువ. వచ్చే అమావాస్య అనకండి. దీపం పెట్టే వేళ కాకముందే, ఇవాళే రండి.