స్విచ్ తీసినప్పుడు కరెంటు ఎటు

కడపలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. మాది బనగానపల్లె. పెళ్లయ్యాక కడపకు వచ్చి ఆ ఉద్యోగంలో చేరాను. ఒకే పాఠం నాలుగు సెక్షన్లకు చెప్పి చెప్పి, నేను చెప్పేది నేనే వినడం మానేశాను.

ఆ ఏడు సెకండియర్ ఎంపీసీ మొదటి సెక్షన్‌లో కమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు కూలి పనులకు పోయేవాళ్లు. వాళ్ల చర్చి పాస్టరుగారు మాట్లాడి హాస్టల్లో చేర్పించారని విన్నాను. ఎక్కువ మాట్లాడేది కాదు. అర్థం కాకపోతే మాత్రం పెన్ను కింద పెట్టి నన్నే చూస్తూ కూర్చునేది. ఆ చూపు నాకు ఇబ్బందిగా ఉండేది.

ఒక టెస్టులో ఈ ప్రశ్న ఇచ్చాను. రెండు తీగచుట్టలు ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన ఉన్నాయి. మొదటిదానికి బ్యాటరీ, స్విచ్. రెండోదానికి గాల్వనామీటర్. మొదటి చుట్టలో కరెంటు పోతుండగా స్విచ్ తీసేస్తే, ఆ క్షణంలో రెండో చుట్టలో పుట్టే కరెంటు ఏ దిశలో పోతుంది? మొదటిదానికి ఎదురు దిశలో అని నా జవాబు. ప్రేరిత విద్యుత్తు ఎప్పుడూ వ్యతిరేకిస్తుంది కాబట్టి ఎదురేనని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. ఆ అమ్మాయి ‘అదే దిశలో’ అని రాసింది. కొట్టేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆమె లేచి నిలబడింది.

“మేడమ్, స్విచ్ వేసినప్పుడు ఎదురే. తీసినప్పుడు మొదటి దాంట్లో కరెంటు తగ్గిపోతాండాది కదా. ఆ తగ్గడాన్ని అడ్డుకోవాలంటే రెండోది దాంతోపాటే పోవాల కదా మేడమ్?”

క్లాసంతా నా వైపు చూసింది.

“పాఠం నువ్వు చెప్తావా, నేను చెప్పాలా? కూర్చో,” అన్నాను.

కొందరు నవ్వారు. ఆమె కూర్చుంది.

ఆమె మాటలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. అందుకే సాయంత్రం క్లాసులయ్యాక ల్యాబ్‌కు వెళ్లాను. దుమ్ము పట్టిన రెండు చుట్టలు తుడిచి వైర్లు కలిపాను. స్విచ్ వేస్తే గాల్వనామీటర్ ముల్లు ఎడమకు కదిలి సున్నాకు వచ్చింది. తీస్తే కుడికి కదిలింది. మళ్లీ మళ్లీ చూశాను. వేసినప్పుడు ఎదురు దిశ అయితే తీసినప్పుడూ ఎదురెలా అవుతుంది? ముల్లు రెండు సార్లూ ఒకే వైపు పోవడం లేదు కదా. రెండో చుట్ట వ్యతిరేకించేది మొదటి చుట్టలోని కరెంటును కాదు, అందులో వచ్చే మార్పును. పుస్తకంలోనూ అదే ఉంది. నేనే సరిగా చదవలేదు.

టెస్టు మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం మా కాలేజీ పద్ధతి. ఆ ప్రశ్నకున్న రెండు మార్కులు పోయి ఆమె మూడో సెక్షన్‌కు పడిపోయింది. మర్నాడు ప్రిన్సిపాల్‌గారికి సంగతి చెప్పాను.

“లిస్టు గోడకు అంటించేసినాం మేడమ్. ఒకరికి మారిస్తే ఇంకో నలుగురు వస్తారు. వచ్చే టెస్టులో ఆ పాపే పైకొస్తాది,” అన్నారాయన.

నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ఊరటనిచ్చింది. క్లాసులో నిలబడి తప్పు ఒప్పుకునే పని తప్పింది.

మూడో సెక్షన్‌కు ఫిజిక్స్ చెప్పేది వేరే లెక్చరర్, నా నాలుగు సెక్షన్లలో అది లేదు. వరండాలో ఎదురైతే ఆమె నమస్తే చెప్పి పక్కకు తప్పుకునేది. ఇవాళ చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేదాన్ని. దసరా సెలవుల తర్వాత ఆమె రాలేదు. ఇంకో నెల చూసి, ఒక ఆదివారం వాళ్ల ఊరికి బస్సెక్కాను.

వాళ్లమ్మ కుర్చీ తెచ్చి వేసింది. “కాలేజీ మేడమా? కూర్చోండమ్మా. బిడ్డ ఇంక పోనంటాది. శానా చెప్పి చూసినాం. ఏమైందో మాకు చెప్పదు.”

ఆ అమ్మాయి గడప పక్కన కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది.

“ఆ రోజు నువ్వు రాసిందే కరెక్టు. తప్పు నాది,” అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. “మీకెప్పుడు తెలిసింది మేడమ్?”

అబద్ధం చెప్పాలనిపించింది. “ఆ సాయంత్రమే.”

అప్పుడు తలెత్తింది. “ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అట్లే వస్తాండె మేడమ్. ఇంక ఈ చదువు నాకు అర్థమయ్యేది కాదులే అనుకున్నా.”

వాళ్లమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అంటే మా బిడ్డ తప్పు రాయలేదా?”

“లేదమ్మా.”

“ఆ మాట అప్పుడే చెప్పింటే అయిపోతాండె కదమ్మా,” అందామె. కోపంగా అనలేదు.

తిరిగి రమ్మని ఎంతో బతిమాలాను. మొదటి సెక్షన్‌లో కూర్చోబెట్టే పూచీ నాదన్నాను. “వద్దు మేడమ్. ప్రైవేటుగా ఆర్ట్స్ గ్రూపు కడతా,” అని మళ్లీ తల వంచుకుంది.

సోమవారం నేను చెప్పే నాలుగు సెక్షన్లలోనూ నా తప్పు చెప్పి, బోర్డు మీద బొమ్మ వేసి సరిచేశాను. పిల్లలు రాసుకున్నారు. ఇది పరీక్షలో వస్తుందా అని ఒకరు అడిగారు.

మరో రెండేళ్లకు కడప బస్టాండులో ఆమె కనిపించింది. డిగ్రీ చదువుతోందట. “బాగుండారా మేడమ్?” అని తనే పలకరించింది. ఎకనామిక్స్ బాగుందని చెప్పింది. ఇంతలో వాళ్ల ఊరి బస్సొస్తే ఎక్కేసింది. తప్పు నాదని చెప్పానే గానీ, క్షమించమని ఆమెను ఒక్కసారీ అడగలేదని బస్సు కదిలాక తట్టింది.