జ్వరం కాదు

చిలకలూరిపేట పత్తిమిల్లులో ఎవరు పలకరించినా తిరుపతమ్మ ముందు కుడిచెవి అటు తిప్పుతుంది. మంచినీళ్లకి లేచినందుకు పోయిన నెల మేస్త్రి కొట్టిన దెబ్బకి ఎడమచెవి ఇంకా గుయ్యిమంటూనే ఉంది. తలకి తువ్వాలు బిగించి, ముక్కుమీదుగా కొంగు కట్టి, పత్తిలో పుల్లలూ ఎండాకులూ ఏరుతుంది. ఇదివరకు గోడవైపు మొహం పెట్టి కూర్చునేది. ఇప్పుడు గోడకి వీపు ఆనించి, గుమ్మం కనబడేటట్టు కూర్చుంటుంది. మేస్త్రి చెప్పుల చప్పుడు వింటే ఏరడం ఆపుతుంది. గుప్పెడు దూది గట్టిగా పట్టుకుని, ఆ చప్పుడు దాటిపోయాక మళ్లీ ఏరుతుంది. లేచి మాత్రం పోదు.

ఆ దెబ్బకి పదకొండు రోజులు మంచాన పడి తిరిగొచ్చిన నాడు, గుమాస్తా వేణుమాధవ్ హాజరు పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకం ప్రకారం మిల్లులో ఆడవాళ్లకి జ్వరం తప్ప మరో జబ్బే రాదు. నడుం పట్టినా జ్వరమే, పెదవి చిట్లినా జ్వరమే. తిరుపతమ్మకీ అదే రాసి సంతకం పెట్టమన్నాడు.

"నాకు జ్వరమేంది అబ్బాయ్? మేస్త్రి కొట్టాడని రాయి."

"అట్టా రాస్తే ఓనరు ఊరుకోడు పిన్నీ."

"అయితే ఇటియ్యి."

ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి అది. జ్వరం మీద అడ్డంగా గీత కొట్టి, వరసలో వాళ్లంతా వినేటట్టు అక్షరం అక్షరం పలుకుతూ రాసింది: 'మేస్త్రి చెవి మీద కొట్టాడు.' కింద సంతకం చేసింది.

వెనక నిలబడ్డ కోటేశ్వరి, మానీ మానని పెదవితో, పుస్తకం తనవైపు లాక్కుంది. కిందటి వారం తన పేరు పక్కన రాసిన జ్వరాన్ని వెతికి, దాని మీద వేలు పెట్టింది.

"ఆ పెన్ను కూడా ఇయ్యి అక్కా."