గచ్చకాయకు ముందే కుదిర్చిన ఇల్లు

మా సైన్స్ మేడం పోయారు. పోయిన నెలలో, స్కూల్లో మధ్యాహ్న భోజనాల వేళకి, నందిగామ నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేశారు. "అక్కయ్య పొద్దున పోయిందండి. నిద్రలోనే. మీకు మాత్రం వెంటనే చెప్పమని మరీ మరీ చెప్పింది," అన్నారు. తర్వాత, "గచ్చకాయ బాగుందా అండీ?" అని అడిగారు.

గచ్చకాయ మేడం పిల్లి. అచ్చం గచ్చకాయలా బూడిదరంగులో ఉంటుంది, అందుకే ఆ పేరు. అప్పటికది జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉంది. బాగానే ఉందని చెప్పాను. చావు కబురు చెబుతున్న మనిషి మధ్యలో పిల్లి క్షేమం అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. మేడం తెలిసినవాళ్ళకి అనిపించదు.

నేను జగ్గయ్యపేటలో సోషల్ టీచరుగా చేరేనాటికి ఆవిడ అదే హైస్కూల్లో అందరికంటే సీనియరు. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చేవారు. పెళ్ళి చేసుకోలేదు. కప్ప గుండె బొమ్మ బోర్డు మీద వేస్తే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. బెల్లు కొట్టాక ఆ బొమ్మని చెరపకుండా వదిలేసి వెళ్ళడం ఆవిడ అలవాటు. తర్వాతి పీరియడు నాది కావడంతో, గుప్తుల పాలన గురించి నేను ఆ గుండె పక్కనున్న ఖాళీలోనే రాసేదాన్ని.

ఆ ఏడాది చలికాలం చివర్లో మా ఆటల గదిలో, చిరిగిన వాలీబాల్ నెట్టు మీద, ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. కొన్నాళ్ళకే తల్లి రావడం మానేసింది. మేడం దూదితో పాలు పట్టి వాటిని బతికించారు. కాస్త తిరగడం వచ్చాక ఒక్కోదానికీ ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. నలుపూ తెలుపూ కలిసి పొట్టు మినప్పప్పులా ఉన్న ఒకదాన్ని నేను తీసుకుంటానన్నాను, మినప్పప్పు అని పేరు కూడా పెట్టేశాను. సంతోషిస్తారనుకున్నాను.

"టెన్త్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి నిన్ను విజయవాడ వేస్తే దానికి తిండెవరు పెడతారు?" అన్నారు.

ఎవరో ఒకరు పెడతారన్నాను.

"ఎవరో ఒకరంటే ఎవరూ లేరనమ్మా. ఒక మనిషి పేరు చెప్పు."

ఎలక్షన్ డ్యూటీ పడితే ఏం చేస్తావు, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా, వంటింటి కిటికీకి మెష్ ఉందా, రేపు ట్రాన్స్‌ఫర్ అయితే దాన్ని తీసుకెళ్తావా లేదా అని వరసగా అడిగారు. నాకు పిల్లులంటే చాలా ఇష్టం మేడం అన్నాను. ఇష్టం లేకపోతే అడగవు కదా, ఏర్పాటు సంగతి చెప్పమన్నారు. నాకు కోపం వచ్చింది. అద్దింట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను, సాయంత్రం తలుపు తీసేసరికి ఒక ప్రాణి ఎదురు రావాలని నాకెంత ఉందో ఈవిడకేం తెలుసు అనుకున్నాను. ఒంటరితనం గురించి ఆవిడకే తెలియదనుకున్న ఆ రోజు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నా మొహం చూసి కనిపెట్టారేమో, సాయంత్రం బస్టాండు దాకా నడుస్తూ తన మొదటి ఉద్యోగం సంగతి చెప్పారు. ఒక చిన్న పల్లెలో పోస్టింగు. అంతకుముందు పనిచేసిన టీచరమ్మ ఖాళీ చేసిన ఇంట్లోనే ఈవిడ దిగారు. సామాను దించుతుంటే గుమ్మంలో ఒక పిల్లి కూర్చుని ఉంది. వెళ్ళిపోయినావిడ పెంచుకున్న పిల్లి. అన్నం పెడితే తినేది కానీ లోపలికి వచ్చేది కాదు. బస్సు వచ్చే వేళకి చెవులు నిక్కబొడుచుకుని దారికేసి చూసేది.

"నా కోసం కాదమ్మా, ఆవిడ కోసం. ఆవిడేం చెడ్డ మనిషి కాదు, ఇప్పటికీ అందరూ మంచిగానే చెప్పుకుంటారు. ముందు ఆలోచించలేదు, అంతే," అన్నారు మేడం.

వానాకాలం మొదలయ్యాక గాని అది గడప దాటి లోపలికి రాలేదట. అదే ఆవిడ మొదటి పిల్లి. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు మారినా, ముందు పిల్లికి పనికొచ్చే ఇల్లు చూసుకుని తర్వాతే తను చేరేవారు.

తర్వాతి ఆదివారం పెళ్ళిచూపులకి వచ్చినట్టు మా ఇంటికి వచ్చారు. కిటికీలు చూశారు. పెరట్లో నీళ్ళ తొట్టి మీద మూత వేయించమన్నారు. పక్క వాటాలో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. అంకుల్ ఆటో నడిపేవారు, ఆంటీ ఇంట్లోనే బట్టలు కుట్టేవారు. నేను మొహమాటపడుతూ నిలబడితే మేడమే వెళ్ళి ఆంటీని అడిగారు, ఈ అమ్మాయి ఊళ్ళో లేనప్పుడు పిల్లికి ఇంత తిండి పెట్టగలరా అని.

"నాకు గోళ్ళంటే భయమండీ. గిన్నెలో పెట్టేసి దూరంగా నిలబడతా," అన్నారు ఆంటీ.

అంతకంటే ఏం కావాలి, మీరు నిలబడితే చాలన్నారు మేడం. నేను చేపలు వండను. వారంలో చేప వండిన రోజున మినప్పప్పుకి వాటా ఆంటీ ఇంటి నుంచే రావాలని కూడా అప్పుడే మాట్లాడేసుకున్నారు, నన్నడక్కుండా.

వేసవి సెలవులు ఇచ్చిన రోజునే పిల్లని నా చేతిలో పెట్టారు. సెలవులంతా దానితో ఉంటే ఇల్లు అలవాటవుతుందనీ, అయితే జూన్‌లో స్కూలు తెరిచేలోగా నేను లేకుండా ఉండటం కూడా అలవాటు చేయాలనీ చెప్పారు. అందుకని రోజూ కాసేపు తాళం వేసి బయటికి పొమ్మన్నారు. జగ్గయ్యపేట ఎండల్లో ఏ పనీ లేకుండా ఎక్కడికని పోను? బస్టాండులో ఫ్యాను కింద కూర్చునేదాన్ని. రోజూ చూస్తున్న కంట్రోలరు చివరికి ఉండబట్టలేక ఎక్కడికమ్మా అని అడిగారు. ఎక్కడికీ లేదండి, మా పిల్లికి అలవాటు చేస్తున్నాను అన్నాను. ఆయన మళ్ళీ నన్నేమీ అడగలేదు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మేడం నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

దసరా సెలవుల్లో నందిగామ పశువుల ఆసుపత్రిలో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. సెలవుల్లోనే ఎందుకంటే, కుట్లు మానేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కనుక. గేదెల మధ్య బెంచీ మీద కూర్చుని, దాన్ని లోపలికి తీసుకెళ్ళినప్పటి నుంచి ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఆవిడ రిటైరయ్యాక నాకు పెనుగంచిప్రోలు ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడికే మారిపొమ్మని అందరూ సలహా ఇచ్చారు. అక్కడ దొరికిన ఇంటివాళ్ళు పిల్లి వద్దన్నారు. మినప్పప్పు కోసం జగ్గయ్యపేటలోనే ఉండి రోజూ ఆటోలో తిరగాలనుకుంటున్నానంటే స్టాఫ్‌రూములో నవ్వారు. నాకూ అనుమానం వచ్చి మేడంకి ఫోన్ చేశాను. పిల్లి కోసం ఇంత అవసరమా అని ఆవిడ నోటితోనే అనిపించుకోవాలని ఎక్కడో ఆశ.

"నవ్వేవాళ్ళని నవ్వనీ. నువ్వు అలిసిపోకుండా తిరగగలవా లేదా, అది చూసుకో. చేతకాకపోతే చెప్పు, దానికి మంచి ఇల్లు నేను చూస్తా. అది కూడా ఏర్పాటే, తప్పు కాదు," అన్నారు.

ఆ చివరి మాట నన్ను తేలిక చేసింది. తిరగగలననిపించింది. ఇప్పటికీ తిరుగుతున్నాను.

పోయినేడాది నుంచి మేడం గచ్చకాయని అప్పుడప్పుడూ మా ఇంట్లో దింపేవారు. తమ్ముడితో హైదరాబాదులో పని ఉందనేవారు. మొదట ఒక రోజు, తర్వాత రెండు మూడు, ఆ తర్వాత వారం. ప్రతిసారీ తన పాత నేత చీర ఒకటి మడిచి దాని కింద వేసేవారు. మొదట్లో మినప్పప్పు బీరువా ఎక్కి బుసలు కొట్టేది. నెలలు గడిచేసరికి రెండూ ఒకే గిన్నెలో మూతులు పెట్టేవి. మేడం చిక్కిపోతున్నారని గమనించాను. అడిగితే షుగరమ్మా అనేవారు.

రెండు నెలల క్రితం వచ్చినప్పుడు కాఫీ తాగుతూ, చాలా మామూలుగా అన్నారు. "ఈసారి తీసుకెళ్ళడానికి నేను రాకపోవచ్చమ్మా. డాక్టర్లు ఇంకేం లేదన్నారు. నీకు వీలవుతుందో లేదో నిజం చెప్పు. మొహమాటపడొద్దు."

హైదరాబాదు పనులేమిటో, ఒక రోజు వారమెందుకైందో అప్పుడు తెలిసింది. ఏడాదిగా గచ్చకాయకి ఆవిడ తను లేకపోవడం అలవాటు చేస్తున్నారు.

"ఉంచుకుంటా మేడం," అన్నాను.

"నాకు తెలుసులే. అయినా అడగాలిగా," అన్నారు.

ఆవిడ పోయిన రోజు స్కూలు నుంచి అటే నందిగామ వెళ్ళాను. పాత విద్యార్థులు వీధంతా నిండి ఉన్నారు. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఆంటీ అప్పటికే రెండింటికీ తిండి పెట్టి, ఇప్పుడు దూరంగా కాదు, పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. గచ్చకాయ గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది. అది ఎవరి కోసమూ గుమ్మంకేసి చూడలేదు. మొదట నాకు ఆ పిల్లి మీద కోపం లాంటిదేదో వచ్చింది. తర్వాత, మేడం ఏడాదంతా పాటుపడింది సరిగ్గా దీని కోసమేనని అర్థమై, గడప మీద కూర్చుని ఏడ్చాను. ఆంటీ నీళ్ళు తెచ్చిచ్చారు.

ఆవిడని నేను చివరిసారి చూసింది ఆ కాఫీ తాగిన సాయంత్రమే. నందిగామ బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. గచ్చకాయ, దాన్ని తెచ్చిన బుట్ట రెండూ మా ఇంట్లోనే ఉండిపోవడంతో ఒళ్ళో ఏమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. మేడం తల వంచి, తెల్ల చీర కుచ్చిళ్ళ మీద అంటుకున్న బూడిదరంగు వెంట్రుకల్ని ఒక్కొక్కటే ఏరుతున్నారు. బయట పారేస్తారనుకున్నాను. కిటికీలోంచి గాలి రాగానే, అవి ఎగిరిపోకుండా చప్పున గుప్పిట మూశారు.